మైనస్ ఇరవై మూడు పాయింట్ ఏడు

రాత్రి పదకొండుకి కరెంటు పోయింది.
చెరువుల మీద ఏరియేటర్లు ఆగి
రొయ్యలన్నీ చెవులు రిక్కించినట్టు ఒక నిశ్శబ్దం.
ఆపైన జనరేటర్లు ఒక్కొక్కటే దగ్గుతూ లేచాయి.
లాప్‌టాప్‌లో ఇంకా నలభై శాతం ఉంది.
ఆ నలభై శాతంలో
ఒక న్యూట్రాన్‌ని ప్రోటాన్ మీదికి పంపుతున్నాను,
ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను.

లోపల ఏం జరుగుతుందో
కళ్లతో చూసినవాళ్లెవరూ లేరు.
అల ఒకటి వస్తుంది, పోతుంది.
పోయేటప్పుడు మాత్రం
మధ్యలో ఏమీ లేకుంటే ఉండాల్సిన చోటు కన్నా
రవ్వంత ముందుంటుంది, లేదా వెనక.
ఆ రవ్వంతని డిగ్రీల్లో కొలిచి
ఎక్కడెక్కడివాళ్లో పట్టికలు వేసిపెట్టారు.
అవి చూసి
లోపలి బలానికి ఎంత లోతో ఎంత వెడల్పో
నేను నరసాపురంలో కూర్చుని ఊహించాలి,
ఇంటర్నల్ పేపర్లు దిద్దడం అయ్యాక.

నా మొదటి నమూనా ఒక గుంట.
పొక్లెయిన్‌తో చెరువు తవ్వినట్టు
గట్లు నిట్టనిలువుగా, అడుగు చదునుగా.

స్పిన్లు ఒకవైపే ఉంటే జంట నిలబడుతుంది,
డ్యూటెరాన్ అంటాం.
ఎదురుబొదురుగా ఉంటే నిలబడదు. కొంచెంలో తప్పిపోతుంది.
బలం చెయ్యి అందేది మహా అయితే రెండు ఫెర్మీలు,
తప్పిపోయిన ఆ జంట నీడ మాత్రం
ఇరవై మూడు పాయింట్ ఏడు దాకా పడుతుంది.
ముందు ఒక మైనస్ గుర్తు.
దాదాపు కలిసినవి అంత దూరం నుంచి తెలుస్తాయి.
ఇంతవరకే పాఠం.
పదకొండేళ్లయినా పాలకొల్లు బస్సులో
నేను ఎడమపక్క సీట్లో కూర్చోనని పిల్లలకి చెప్పను.

తక్కువ శక్తుల దగ్గర నా గీత
చుక్కల్లోంచి పూలదండ దారంలా వెళ్లింది.
రెండువందల యాభై దాటాక
చుక్కలు సున్నా కిందికి మునిగాయి.
నా గీత పైనే తేలుతూ ఉండిపోయింది.

మొన్న ఆదివారం సఖినేటిపల్లి పంటు మీద
ఓలేటి పోశియ్య చుక్కాని ఉన్నట్టుండి తిప్పాడు.
అద్దంలా ఉన్న నీళ్ల నుంచి పక్కకి.
అటేముంది?
"రాయుందండి. పాత రేవు తాలూకు."
చూశావా?
"ఎవడు చూశాడండీ. అవతలికెళ్లిన అలని చూడాల.
వచ్చిన తీరున పోదు, కాస్త మళ్లుద్ది."
నాకేమీ కనపడ్డం లేదే.
"ఆయ్, ఇప్పుడు పాటు కదండీ.
నీరు నిదానంగా ఉంటే రాయీ ఇసకా దానికొకటే.
శ్రావణంలో ఎర్రనీళ్లు దూకినప్పుడు చూడండి,
రాయి తన పేరు తనే చెప్పుద్ది."

స్కూటర్ల మధ్య, ఒక మేక నా కొంగు నములుతుండగా
టికెట్టు వెనక రాసుకున్నాను:
గుంట నడుమ రాయి.
పుస్తకాల్లో ఏనాటినుంచో ఉన్నదే,
క్లాసులో నేను బోర్డు మీద గీసిందే:
దగ్గరికి లాగిన బలమే
మరీ దగ్గరైతే తోసేస్తుందని.
నా గుంటలో మాత్రం వేసుకోలేదు.
చదునుగా ఉంటే అందంగా ఉంటుందనుకున్నాను.

ఇప్పుడు వేశాను. అర ఫెర్మీకి కాస్త తక్కువ.
గీత వంగింది, సున్నా దాటి కిందికి దిగింది.
మూడువందల దగ్గర ఇంకా రెండు డిగ్రీలు తేడా,
పోనీ.
కానీ ఇటు చూస్తే
ఇరవై మూడు పాయింట్ ఏడు కాస్తా
ఆరుకి పడిపోయింది. నీడే లేదు.

గుంట మళ్లీ లోతు తవ్వాలి.
ఒక్క పార ఎక్కువైనా
జంట కలిసిపోతుంది,
మైనస్ గుర్తు చెరిగిపోతుంది.
నిజంలో వాళ్లు కలవలేదు.
దశాంశం తర్వాత నాలుగో అంకె మార్చి
మళ్లీ పంపుతున్నాను.
తొమ్మిది శాతం.